గట్టిపడిన నీళ్లలో ఓడ

నా మాటల్లో సగం తీసేయండి, మా ఇంట్లో వాళ్లూ అదే చేస్తారు. కానీ మిగిలిన సగం మాత్రం నాకు జరిగిందే...

నాచారంలో, ఉప్పల్ వైపు వెళ్లే సందులో మా షెడ్డు. గోదావరి పక్కన కోరంగిలో ఒకప్పుడు చెక్క ఓడలు కట్టిన రేవుకి నమూనా చేస్తున్నాం, నేనూ మా బావ మల్లేశమూ. మంచమంత బల్ల మీద గుడిసెలు, దూలాలు, తాళ్లు, ఏటవాలు గట్టు మీద జానెడు ఓడ. గట్టు కింద, నీళ్లలా పోస్తే గాజులా గట్టిపడే రెజిన్‌తో చేసిన నది. పోసి వారమైంది, రాయిలా గట్టిపడింది. డ్రాయింగు ప్రకారం ఓడ గట్టు మీదే ఉండాలి. తెల్లారితే, ఈ నమూనా చేయించుకుంటున్న మ్యూజియం ఆయన వస్తాడు. ఒక్క తేడా ఉన్నా తీసుకోనన్నాడు. ఎనిమిది నెలల పని.

ఓడను గట్టుకి నేనే జిగురుతో అంటించాను. బావకి నచ్చలేదు.

"కట్టిన ఓడను నీళ్లల్ల దించకుండ గట్ల అంటిస్తరా బావా? జర కొబ్బరికాయన్న కొట్టు."

బొమ్మకి కొబ్బరికాయేమిటని కసిరాను. ఆ రాత్రి అతను చిల్కానగర్‌లో తన ఇంటికి వెళ్లిపోయాడు. నేను లోపలి నుంచి తాళం వేసుకుని, షెడ్డులోనే పడుకున్నాను.

రెండింటికి మెలకువ వచ్చింది. కిర్ర్... ఆగింది. మళ్లీ... కిర్ర్ర్... చెక్క మీద చెక్క రాసుకుంటున్న చప్పుడు. తల తిప్పాను. చీమలంత మనుషులు... వందమంది... కాగడాలు పట్టుకుని, తాళ్లు లాగుతూ...

సరే. వందమంది లేరు. పదిమందీ లేరు. నేను తల తిప్పనే లేదు, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. కానీ చప్పుడు నిజం. చివర్లో... చిన్నగా... బుడుంగ్. నీళ్లలోకి ఏదో దిగినట్టు. ఆ షెడ్డులో బకెట్ నీళ్లు కూడా లేవు.

తెల్లారాక లేచి చూశాను. గట్టు మీద ఓడ లేదు. నదిలో ఉంది. పైన పెట్టినట్టు కాదు... నడుము దాకా మునిగి ఉంది, రాయిలాంటి ఆ రెజిన్‌లో. ఎక్కడా పగులు లేదు. లాగాను. కదల్లేదు. తలుపు తాళం వేసినట్టే ఉంది. ఫోన్ చేస్తే, తాను గడప దాటలేదని పిల్లల మీద ఒట్టేశాడు బావ.

అంతలో మ్యూజియం ఆయన రానే వచ్చాడు. ఓడను చూస్తూ నిలబడిపోయాడు.

"డ్రాయింగు మారింది. ఓడ నీళ్లలోనే ఉండాలని రాత్రే అనుకున్నం. గది చెప్దామనే వచ్చిన. మీకెవరు చెప్పిన్రు?"

"మస్తు ఏండ్ల అనుభవం సార్," అన్నాను. "సూస్తే తెలుస్తది."

ఆయన నమ్మాడు. మ్యూజియంలో నమూనా పెట్టిన రోజు, అంత ముందుచూపుతో ఓడను దించినందుకు నాకు శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను.

దించింది ఎవరో... శాలువా అడగడానికి మాత్రం ఇంతవరకూ రాలేదు.