కడిగిన పేగు

మా ఆయన ఆఖరుసారి కొన్న జీవం ఒక పొట్టేలు. తాడేపల్లిగూడెం దగ్గర ఎవరి మందలోనో చూసి ముచ్చటపడి, మా ఊరు గుండుగొలను దాకా నడిపించుకునే వచ్చారు. ఆయన పోయాక వచ్చిన వరికోతల్లో మా గొర్రెలు చావడం మొదలైంది. సాయంత్రం గెంతుతూ దొడ్లోకి వెళ్లిన పిల్ల, తెల్లారేసరికి మెడ వెనక్కి విరుచుకుని పడి ఉండేది.

"ఆ పొట్టేలే తెచ్చింది వదినా రోగం. ఎలా దగ్గుతుందో చూడు. కసాయికిచ్చేద్దాం, మిగతా మందన్నా దక్కుద్ది" అన్నాడు మా మరిది.

దాని మెడలో తాడు మా ఆయన పేనిందే.

పశువుల డాక్టరమ్మని పిలిచాను. "చిటుకు రోగం అనిపిస్తుందండి, పేగులో బ్యాక్టీరియా వల్ల వస్తుంది. తేల్చాలంటే ఈసారి చచ్చినదాని పేగు కావాలి. ఈ బ్యాక్టీరియాలో రకాలున్నాయి. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి జన్యువులు చూస్తేగాని ఏ రకమో తెలియదు. అందాకా పొట్టేలుని విడిగా కట్టండి" అన్నారు.

మర్నాడు ఒకటి చచ్చింది. మరిది పేగు తీసి గిన్నెలో పెట్టాడు. నేను డాక్టరమ్మని తీసుకొచ్చేసరికి మా అత్తగారు దాన్ని పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ రాసి, తెల్లగా కడిగి ఉంచారు.

"అయ్యో మామ్మగారూ, నాకు కావాల్సింది ఆ లోపలిదేనండీ!"

"ఇంత చదువుకున్న పిల్లవి, పేడతో ఎలా పెడతానమ్మా నీ చేతిలో?"

నవ్వొచ్చి, సగంలోనే ఆగిపోయింది. ఇంకోటి చస్తేగాని నా పొట్టేలు సంగతి తేలదు. చావకూడదని మొక్కుతున్నానో, చావు కోసం కాచుకున్నానో నాకే తెలియలేదు.

ఇంకోటీ చచ్చింది. ఈసారి పేగుకి రెండు కొసలా దారం కట్టాం. చేపల చెరువు వాళ్లనడిగి ఐసు తెచ్చి, చేపలు పంపే తెల్లపెట్టెలో పెట్టుకుని, ల్యాబులో ఇవ్వడానికి ఏలూరు బస్సెక్కాను.

"కొర్రమీనులాండీ?" అని పక్కావిడ అడిగితే తలూపాను.

తరవాత డాక్టరమ్మ ఫోను చేశారు. "డి రకమండి. పొట్టేలు తప్పేం లేదు. బాగున్న గొర్రె పేగులో కూడా ఇది కాస్త ఉండొచ్చు. గింజ ఎక్కువ తింటే పెరిగిపోయి విషం చేస్తుంది. గింజెక్కడ తింటున్నాయి?"

కోత మిషను రాల్చిన ధాన్యం ఆ ఏడు చేలో చాప పరిచినట్టుంది. మందని అందులోకి తోలింది మేమే. నోరులేనివి కడుపారా తింటున్నాయని గట్టు మీద కూర్చుని సంబరపడ్డాం. చచ్చినవన్నీ బాగా బలిసినవే. కీడు ఎక్కడినుంచో నడిచొచ్చిందనుకున్నాం గాని, అది ఇంట్లోనే, కడుపులోనే ఊరుకుని ఉంది.

మిగతావాటికి టీకాలు వేయించాం. మరిది పొట్టేలు ముందు నిలబడి, "మరి నీ దగ్గేంట్రా?" అన్నాడు.

"చలికి" అన్నారు అత్తగారు. "నాకూ ఉంది. నన్నూ కసాయికిచ్చేస్తావా?"

ఇప్పుడు కోతలయ్యాక కాసేపే మేపి, కర్ర అడ్డం పెడతాను. గింజ కళ్లముందే ఉంటే అవి అరుస్తాయి. తినేదాన్ని మళ్లించడానికి నాకింకా చెయ్యి రాదు. ముందు పొట్టేలుని తాడు పట్టి గట్టెక్కిస్తాను. మిగతావి దాని వెనకే వస్తాయి.