ఒంటి చెప్పుతో ఇద్దరు మామలు

మా చిన్నప్పుడు... పళ్ళిపట్టు బస్టాండు పక్కన మా బాడుగ వ్యాను ఆగింది. పెద్దమామ పంచె మడిచి పట్టుకోని ఎక్కినాడు. లోపల చిన్నమామను చూసి, టక్కున కిటికీ తట్టు మొగం తిప్పుకున్నాడు...

మా అమ్మకు తోడబుట్టినోళ్ళు ఈ ఇద్దరే. బావి నీళ్ళ వంతు దగ్గర కొట్లాడుకోని, మూడేండ్లుగా మాటల్లేవు.

మేము అత్తిమంజేరిపేట నుంచి తిరుత్తణి కొండకు పోతావుండాం. మా తమ్మునికి పుట్టెంటికలు తీసి మొట్ట కొట్టించి, చెవులు కుట్టియ్యాల. బిడ్డను మేనమామ ఒళ్ళోనే కూచోబెట్టాల గదా... ఏ మామ ఒళ్ళో?

మా అమ్మ పెద్దాయనతో "నీ ఒళ్ళోనేన్నా" అనింది. చిన్నాయనతో "నీ ఒళ్ళోనేరా" అనింది. ఇద్దరికీ మాటిచ్చేసింది మహాతల్లి! ఈ సంగతి తెలిసింది అమ్మకూ, తలుపు చాటున విన్న నాకూ మాత్రమే. కొండ మీద బయటపడితే ఒకరు లేచి పోయేది ఖాయం. పుట్టింటి గడపల్లో ఒకటి అమ్మకు మూసుకున్నట్టే...

వ్యాను కుశస్థలి ఏటి గట్టెమ్మడే పోతావుంది. ఒకపక్క చెరుకు తోటలు, ఇంకోపక్క తెల్లటి ఇసుక, మధ్యలో సన్నగా నీళ్ళు... చూస్తావుంటే కండ్లు చల్లబడేవి. లోపల మాత్రం తపాలా పని నాది.

"ఏమే, మీ చిన్నమామను ఆ కాలు కొంచెం ఎనక్కి తీసుకోమను."

"మీ పెద్దమామను ఆ పొట్ట తీసుకోమనుమే, నేను కాలు తీసుకుంటా."

ఇద్దరూ పక్కపక్కనే కూచోనుండారు! తొమ్మిదేండ్ల దాన్ని, నాకు నోరు నొప్పెత్తింది.

ఒక మలుపు దగ్గర చిత్రాన్నం తినేదానికి ఆపినారు. మామలిద్దరూ నీళ్ళ వార చెప్పులిడిచి స్నానానికి దిగినారు... ఎడమొగం పెడమొగంగానే.

నా చేతులు ఊరికే ఉంటాయా? ఇద్దరి చెప్పుల్లో ఒక్కొక్కటి తీసి ఇసుకలో పూడ్చినా. ఎతుక్కుంటా ఒకర్నొకరు అడుగుతారు, మాట కలుస్తాదని నా ఎత్తు. తీరా చూస్తే... యాడ పూడ్చినానో నాకే తెలీలేదు! గుంత మీద గుంత తవ్వినా. గోళ్ళు అరిగినాయి గానీ చెప్పు రాలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఇసుక పెనం మాదిరి కాలతావుంది. గట్టు మీద డ్రైవరు హారన్ మీద హారన్ కొడతాండాడు. పెద్దమామ ఒంటి చెప్పుతో నాలుగడుగులేసి తూలినాడు. చిన్నమామ ఒంటికాలి మీద ఎగురుకుంటా పోయి రెక్క పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోరా! పడేసేట్టుండావే!"

"ముందు నువ్వు తిండి తగ్గించన్నా. నా భుజం ఊడొస్తాండాది."

మూడేండ్ల తర్వాత తొలిమాటలు అవే...

అట్లే ఒకరి మీద ఒకరు వాలిపోతా, కుంటుకుంటా గట్టెక్కినారు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకోని ఉండాది. నవ్విందో, ఏడ్చిందో... నాకు ఇప్పటికీ తెలీదు.

పొదటూరుపేటలో టీకి ఆగినాం. మా నాయన ఇద్దరికీ రబ్బరు చెప్పులు కొనిచ్చినాడు. అప్పుడు అమ్మ నిజం చెప్పేసింది. "ఇద్దరికీ మాటిచ్చినాన్నా... ఎవుర్నీ కాదనలేకపోయినా." నేను టీ గ్లాసు కింద పెట్టేసినా. ఇంక ఎవురు ముందు లేచి పోతారో అని ఇద్దరి కాళ్ళే చూస్తావుండా.

పెద్దమామ టీ ఊదుకున్నాడు. "మొట్ట నా ఒళ్ళో, చెవులు వాడి ఒళ్ళో. దీనికి ఏడ్చేదేంది, పిచ్చిదానా?"

"చెవులు కుట్టేటప్పుడు బిడ్డ తన్నేది నన్నా? మంచి తెలివేన్నా నీది!" అన్నాడు చిన్నమామ.

కొండ మీద అట్లే జరిగింది. మా తమ్ముడు మాత్రం ఏ పక్షపాతం లేకుండా ఇద్దరి పంచెలూ తడిపినాడు...

పోయిన నెల అదే దారిన కార్లో పోయినాం. ఆ తమ్ముని కూతురికే చెవులు కుట్టే పని. అద్దాలు దించలా, యాడా దిగలా, గంటలో కొండకాడ ఉండాం. పాప మేనమామ ఏదో మాటకు అలిగి, ఫోన్లో మా గ్రూపు నుంచి బయటికి పోయినాడు. కమ్మలు మాత్రం కొరియర్లో వచ్చినాయి. ఎవురో దూరపు మామ ఒళ్ళో కూచోబెట్టినాం.

అప్పట్లో అలిగినోళ్ళు గూడా మోకాలికి మోకాలు తగిలేట్టు ఒకే వ్యాన్లో కూచునేవాళ్ళబ్బా...

మీ చెవులు ఎవురి ఒళ్ళో కుట్టినారు? ఆ మామతో ఇప్పుడు మాటలుండాయా? కింద రాయండి... నాకు రాయకపోయినా సరే, ఆయనకు ఒక ఫోన్ కొట్టండి.