జాజ్‌గుల్ అల్లిన రెండు స్వెట్టర్లు

మా నారిన్ లోయలో ఎండాకాలం మందల వెంట కొండమీది మేతభూములకు బయల్దేరే ఇళ్ళవాళ్ళు గుడారం సంగతి మగవాళ్ళకూ, పిల్లల బట్టల మూట సంగతి బూబుసైరాకూ వదిలేసేవారు. ఆ శాస్త్రంలో ఆవిడ మాటకు తిరుగులేదు. కొండమీద జూలై అంటే ఒక్క రోజులో నాలుగు ఋతువులనీ, పొద్దున చెమటలు పట్టిన పిల్లవాడు మధ్యాహ్నం మంచులో వణికితే దోషం ఆకాశానిది కాదు, మూట కట్టినవాళ్ళదనీ ఆవిడ సిద్ధాంతం. ఒంటికి నూలు, దానిమీద ఉన్ని, ఆపైన తోలు. టోపీ లేని బిడ్డను ఆవిడ బిడ్డగా గుర్తించేది కాదు. బిష్కెక్ పట్నం నుంచి వచ్చిన కొత్తకోడళ్ళు పువ్వుల గౌన్లు సర్దుతుంటే పైకెత్తి చూసి, "బావుందే తల్లీ! దీన్ని చూసి చలే సిగ్గుపడి పోతుందిలే," అని పక్కన పడేసేది.

ఆ మాట మొదట పడ్డది ఆవిడ సొంత కోడలు జాజ్‌గులే. మూడు వేసవులు తిరిగేసరికి ఆ పిల్ల అత్తను మించింది. అత్తగారు ఓటమి ఒప్పుకోలేదు గానీ, ఎవరైనా సలహాకొస్తే "మా పిల్లనడగండి" అనడం మొదలుపెట్టింది. అంతకంటే పెద్ద పట్టాభిషేకం మా ఊళ్ళో ఎవరికీ జరగలేదు.

పోయిన చలికాలం జాజ్‌గుల్‌కు ఊపిరితిత్తులు చెడ్డాయి. మంచంలో దిండుకు ఆనుకుని, ఐదేళ్ళ కూతురు బేగాయిమ్‌కు ఎర్రదీ, మూడేళ్ళ కొడుకు బెక్తూర్‌కు నీలందీ స్వెట్టర్లు అల్లింది.

"పడుకోవే! వేసవి ఇంకా పుట్టనేలేదు," అని అత్త కసిరింది.

"అది పుట్టేలోపు పిల్లలు పెరుగుతారు కదత్తా. చేతులు పొడుగ్గా పెట్టా. మడిచి తొడుగు."

మంచు కరగకముందే జాజ్‌గుల్ పోయింది.

పోయినవాళ్ళకు చివరి స్నానం చేయించిన ఆడవాళ్ళకు వాళ్ళ బట్టలిచ్చెయ్యడం మా ఆచారం. మూట విప్పి చూసి ఇవ్వడం పిసినారితనం. ఇచ్చింది తిరిగి అడగడం అంతకంటే తప్పు. ఆ బట్టలు మళ్ళీ గడప తొక్కితే ఇంట్లో ఇంకొకరిని వెంట తీసుకుపోతాయంటారు. బూబుసైరా సందుగలోంచి కోడలి శాలువాలో కట్టి ఉన్న మూట తీసి, ఆ స్నానం చేయించిన పైవీధి సకీష్ చేతుల్లో పెట్టింది. ఊరందరి మూటలూ విప్పి తప్పులెన్నిన మనిషి విప్పకుండా వదిలిన మూట అదొక్కటే.

జూన్‌లో ప్రయాణానికి సందుగ తెరిస్తే స్వెట్టర్లు లేవు. ఉన్నవన్నీ తీసి చూశాక, అవి ఆ శాలువా మూటతోనే వెళ్ళిపోయాయని ఆవిడకు తెలిసింది.

"బజార్లో కొనుక్కొస్తానమ్మా," అన్నాడు కొడుకు మెదెర్‌బెక్.

"నాకు బజారుది వద్దు," అంది బేగాయిమ్. "అమ్మ నాకు కొలత కూడా తీసుకుంది. ఎర్రది ఏది నానమ్మా?"

నానమ్మ తలగుడ్డ సరిచేసుకుని పైవీధికి నడిచింది.

సకీష్ గిన్నెల్లో టీ పోసింది. ఇద్దరూ గొర్రెల గురించీ, గడ్డి గురించీ, వానలు రాని సంగతి గురించీ మహా గంభీరంగా చర్చించారు. వచ్చిన పని తప్ప ప్రపంచంలోని అన్ని విషయాలూ అయిపోయాయి. చివరికి సకీషే అంది:

"అడగొద్దక్కా. నేనివ్వలేను."

"నేనడిగానా?"

"అడగలేదు. చక్కెర లేకుండా మూడు గిన్నెలు తాగావు."

బూబుసైరా గిన్నె కింద పెట్టింది.

"చిన్నబట్టలు కనబడగానే నా గుండె జారిపోయిందక్కా," అంది సకీష్. "నా మనవరాలికి తొడగలేదు, ఒట్టు. పట్టుకుని మీ గేటు దాకా వచ్చా. లోపల నీ పిల్లల గొంతులు వినిపించాయి. అడుగు పడలేదు. రేపు వాళ్ళకేమన్నా అయితే?"

"మంచిపని చేశావు," అంది బూబుసైరా.

సకీష్ లోపలికెళ్ళి రెండు స్వెట్టర్లూ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. "బట్టయితే గడప దాటకూడదు. ఉన్నికేం పాపం? గొర్రె బతికే ఉందిగా."

బూబుసైరా నవ్వబోయి, ఆ మాటకు అర్థం తెలిసి ఆగిపోయింది. "విప్పేద్దామంటావా?"

"నువ్వు సరేనంటేనే."

విప్పకపోతే కోడలి చేతిపని చెక్కుచెదరకుండా పరాయివాళ్ళ సందుగలో ఉంటుంది. విప్పితే పిల్లల ఒంటిమీదికి ఉన్ని వస్తుంది, చేతిపని పోతుంది. ఆవిడ ఎర్ర స్వెట్టర్ మెడను ఒకసారి బొటనవేలితో నిమిరింది. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపింది. సకీష్ ముడి విప్పి లాగుతూ, దారాన్ని ఆ చేతులకు చుట్టడం మొదలుపెట్టింది.

మెడ పోయింది. భుజాలు పోయాయి. ఒకచోట దారం చిక్కుపడింది. జాజ్‌గుల్ అక్కడ అల్లికలో ఒక కన్ను జారవిడిచి, వెనక్కొచ్చి ఎత్తుకున్నట్టుంది. దగ్గు వచ్చిందేమో. సకీష్ కత్తెర అందుకోబోయింది.

"కత్తెర పెట్టకు," అంది బూబుసైరా. చేతులకున్న దారం తీసి పక్కన పెట్టి, ఆ చిక్కును గోటితో తానే విడదీసింది. ఆ పని ఎంత నిదానంగా చేసిందంటే, సకీష్ లేచి వెళ్ళి పొయ్యిలో లేని మంటను చూసుకుంటూ నిలబడింది.

కొండమీద గుడారం ముందు కూర్చుని ఆవిడ మళ్ళీ అల్లింది. విప్పిన ఉన్నిని తడిపి, బరువు కట్టి, వంకరలు పోయేదాకా ఆరబెట్టాలి. అది చిన్నపిల్లలకూ తెలుసు. ఆవిడ తడపలేదు. దారం జాజ్‌గుల్ వేసిన ప్రతి కంటి దగ్గరా వంగే ఉంది. ఆ వంకరతోనే అల్లింది.

"ఇది అమ్మదేనా?" అంది బేగాయిమ్, తొడుక్కుంటూ.

"ఉన్ని అమ్మదే."

"మరి ఇన్ని గతుకులేంటి?"

"నా చేతులు ముసలివైపోయాయే, బంగారం."

పక్క గుడారం ఆడవాళ్ళకు ఇంతకంటే మంచి అవకాశం జన్మలో దొరకదు. "ఏంటి బూబుసైరా, ఉన్ని తడపడం కూడా మర్చిపోయావా? ఇక మాకు పాఠాలేం చెప్తావు!"

"మర్చిపోయానమ్మా," అంది బూబుసైరా. పిల్ల స్వెట్టర్ గుండీలు పెట్టేసి, కాసేపు ఆ గతుకుల మీదే చెయ్యి ఉంచింది.