కుళాయి పిడి

మా సండే స్కూల్ ఆంటీ పోయారని నాన్నే ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి, "మెమోరియల్ సర్వీస్‌లో నన్ను మాట్లాడమన్నారమ్మా. నువ్వు తెలుగు బాగా రాస్తావు కదా, రెండు పేజీలు రాసిపెట్టు. పిల్లలకి కరుణ నేర్పింది, ప్రేమ నేర్పింది, అలా సాఫ్ట్‌గా రాయి. పాత గొడవలు వద్దు" అన్నాడు.

సరేనన్నాను. తీరా కూర్చుంటే సాఫ్ట్‌గా ఒక్క ముక్క రాలేదు. ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే మీకు చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

డెబ్బైల చివర శాంటా క్లారాలో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు పన్నెండో పదమూడో ఉండేవి. సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు వాడుకోనిచ్చేవారు. నాన్న మా సంఘంలో పెద్ద. నేను గుంటూరులో ఎనిమిదో తరగతి మధ్యలో వదిలి వచ్చిన పిల్లని. ఆంటీ హాస్పిటల్లో నర్సు. డ్యూటీ దిగి, ఆ తెల్ల బూట్లతోనే వచ్చి హాలు తలుపు తీసి, చిన్నపిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని మాకు పాఠం చెప్పేవారు. ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేవారు గానీ, అది ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేవారు.

ఆవిడకి ముక్కు మీద కోపం. బైబిల్లో కుంటివాడి కథ చెబుతుంటే ఎవరైనా "అయ్యో పాపం" అన్నారా, అయిపోయారే. "పాపం అనేసి ఇంటికెళ్ళి అన్నం తింటావు. వాడి సంగతేంటి?" అని నిలదీసేవారు. తొమ్మిదేళ్ళ పిల్లల్ని పట్టుకుని అడిగే మాటేనా అది? కానీ అడిగేవారు, జవాబు వచ్చేదాకా చూసేవారు.

వంటకి బియ్యం తీసినప్పుడల్లా దేవుడి పేరున ఒక గుప్పెడు పక్కన పెట్టడం మా అమ్మలకి అలవాటు. అది మా చేత చేయించారు ఆంటీ. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక ఖాళీ కాఫీ డబ్బా ఇచ్చారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ ఒక కాగితం సంచిలోకి ఒంపేవాళ్ళం. ఆ రోజుల్లో పార్కింగ్ లాట్ చివర, కంచె పక్కన, ఒక పాత స్టేషన్ వాగన్ కారు ఆగి ఉండేది. అందులో ఒక పెద్దాయన కాపురం. పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ మూసేస్తే పని పోయిన మనిషి. ఒక ఆదివారం మేం ఎనిమిదిమంది పిల్లలం వరసగా వెళ్ళి ఆయన చేతిలో బియ్యం సంచి పెట్టాం. ఆయన లోపలికి చూసి, థాంక్స్ చెప్పి, నెమ్మదిగా అన్నాడు, "కారులో పొయ్యి లేదు కదమ్మా" అని, ఇంగ్లీషులో.

ఆంటీ మొహం ఎర్రబడింది. ఆయన ఎదుటే మాతో అన్నారు: "తప్పు నాది. అడక్కుండా పెట్టాను. మీరు ఎప్పుడూ ఇలా చెయ్యకండి." తర్వాత ఆయన్నే అడిగారు, ఏం కావాలని. పొద్దున్నే మొహం కడుక్కోడానికి చోటుంటే చాలన్నాడు. అన్నం కాదు, డబ్బు కాదు. పనికోసం తిరిగే మనిషి, మొహం శుభ్రంగా ఉండాలి కదా.

ఆంటీ దగ్గర హాలు తాళంచెవి ఉండేది. రోజూ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ బాత్‌రూమ్ తీసిపెట్టేవారు. మూడు వారాలు గడిచాయి. సంఘం పెద్దలకి తెలిసింది. "వాళ్ళేమనుకుంటారు? హాలు పోతే ఎక్కడికెళ్తాం?" అని తాళంచెవి తీసేసుకున్నారు. వినండి, ఆ అమెరికన్ చర్చి వాళ్ళు ఒక్క మాట అనలేదు. అంటారేమోనని మనవాళ్ళే వణికి చచ్చారు. ఆ పెద్దాయన నోరెత్తకుండా హాలు బయట, గోడ పక్కనున్న తోట కుళాయి దగ్గర కడుక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాతి ఆదివారానికి ఆ కుళాయికి పిడి లేదు. ఆ పై ఆదివారానికి కారు లేదు. నల్లగా నూనె మరక మిగిలింది.

ప్రార్థన అయ్యాక ఆంటీ లేచి, "కుళాయి పిడి ఎవరు తీశారు?" అని అడిగారు. పాటల పుస్తకాలు సర్దుకుంటున్నట్టు అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు మా వైపు తిరిగి, "మీ ఇళ్ళలో అడగండి పిల్లలూ. ఆయన ఇప్పుడు మొహం ఎక్కడ కడుక్కుంటున్నాడో అడగండి" అన్నారు.

నేను కారులో అడిగాను. "అది పెద్దవాళ్ళ విషయం. కిటికీ వెయ్యి" అన్నాడు నాన్న.

పిల్లల్ని తల్లిదండ్రుల మీదికి ఉసిగొల్పిందని ఆవిడ క్లాసు తీసేశారు. కొత్త టీచర్ మా చేత గొర్రెపిల్లల బొమ్మలకి రంగులేయించింది. ఆంటీ మాత్రం సంఘం మానలేదు. ప్రతి ఆదివారం తన కారు తెచ్చి, సరిగ్గా ఆ నూనె మరక మీదే పెట్టేవారు. తలుపు దగ్గర ఎంత ఖాళీ ఉన్నా సరే, అంత దూరం నడిచి వచ్చేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు, ఎందుకో అందరికీ తెలుసు. పోయేదాకా, పదేళ్ళు అలా నడిచారు. ఈ దేశంలో నాకు కరుణంటే ఏమిటో తెలిసింది ఆ నడక చూసే. అది సాఫ్ట్‌గా ఉండదని కూడా.

మెమోరియల్ రోజు నాన్నని నేనే తీసుకెళ్ళాను. లాట్ చివరికి పోనిచ్చి, కంచె పక్కన ఆపాను.

"తలుపు దగ్గర ఖాళీ ఉంది కదమ్మా. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా."

"తెలుసు నాన్నా. దిగు."

దిగాడు. నేను చెయ్యి పట్టుకోలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది, అయినా పట్టుకోలేదు. నాలుగడుగులకొకసారి ఆగుతూ నడిచాడు. గోడ దగ్గరికొచ్చాక ఆ కుళాయి ముందు నిలబడిపోయాడు. ఎప్పుడో ఎవరో కొత్త పిడి బిగించారు.

"పాతది చాలా రోజులు డిక్కీలోనే ఉండేది," అన్నాడు, నా వైపు చూడకుండా. "తిరిగి పెట్టేద్దామని నేను వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు."

పదేళ్ళకి వచ్చింది జవాబు. అడిగినావిడ లోపల శవపెట్టెలో ఉన్నారు.

"ఇది నాకు కాదు, లోపల చెప్పు నాన్నా" అన్నాను.

హాల్లో మైకులో నాన్న పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఆయన వంగలేక వంగి, కుళాయి తిప్పాడు. నీళ్ళు బూట్ల మీద పడుతున్నాయి. పిడి మీద చెయ్యి అలాగే ఉంది.