సువర్ణ నమిలిన ఆకు

సువర్ణ నోట్లో ఏదో ఒకటి నలుగుతూ ఉండాల్సిందే. రుద్రూర్ దగ్గర ఒక చెరుకు పరిశోధన క్షేత్రంలో పదిహేడేళ్లుగా కూలి చేస్తోంది. అక్కడ ఆమె నమలని మొక్క లేదంటే నమ్మండి. గడ్డి, వేరు, చిగురు, ఏదైనా సరే, పంటి కింద వేయడం, రుచి చెప్పడం. ఆదివారం చర్చిలో పాట మధ్యన కూడా ఆమె దవడ ఆడుతూనే ఉంటుందని మొగుడు జోసెఫ్ ఊరంతా చెప్పి నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వుతుంది. కానీ తను చెప్పే రుచులను ఒక్కరూ పట్టించుకోరని లోపల ఉక్రోషం ఉండేది, దాచడమెందుకు.

మొన్న చలికాలంలో కొత్త రకాల మడిలో ఒక దుబ్బు తేడాగా కనిపించింది. గడలు పీలగా ఉన్నాయి, ఆకుల చివర్లు ఊదా రంగుకు తిరిగాయి. క్షేత్రం చూసుకునే శాస్త్రవేత్త దీక్షిత గడ రసం ఒక చుక్క మీటరు మీద వేసి చూసింది. ఉండాల్సిన తీపిలో సగం కూడా లేదు. తవ్వి పారేయమని చెప్పి పక్క మడికి వెళ్లిపోయింది.

గడ్డపార తెచ్చింది సువర్ణే. తెచ్చి, అలవాటుగా ఒక ఆకు తెంపి నోట్లో వేసుకుంది. ఇక చూడండి ఆమె ముఖం! ఆకు తియ్యగా ఉంది. ఇంకోటి నమిలింది, అదీ తీపే. పక్క దుబ్బు ఆకు నమిలితే ఉత్త పసరు. కేకేసి అందరికీ చెప్పింది. కూలోళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. అక్క ఇక బర్రెలతో పాటు మేతకు పోవచ్చని ముత్తవ్వ అనేసరికి ఇద్దరు గట్టు మీద కూలబడిపోయారు. సువర్ణకు ఒళ్లు మండింది. గడ్డపార అవతల పడేసి, చీర కుచ్చెళ్లు సర్దుకుని దుబ్బుకు అడ్డంగా కూర్చుంది. మేడం వచ్చి నోట్లో పెట్టుకుంటే తప్ప లేవనంది.

దీక్షిత వచ్చింది, కోపంగానే వచ్చింది. కళ్లజోడు పైకి తోసి ఆకు కొస కొరికింది. నమిలింది. గడలో లేని తీపి ఆకులో దొరికేసరికి కోపం మరిచి ఇంకో ముక్క తెంపుకుంది. తర్వాత జరిగింది చెబితే మీరు నమ్మరు: పెద్ద చదువు చదివిన ఆ మనిషీ, పలక పట్టని ఈ మనిషీ చేతులు పట్టుకుని దుబ్బు చుట్టూ గంతులేశారు, పసరంటి పచ్చబడ్డ ఒకరి పళ్లు చూసి ఇంకొకరు పకపకా నవ్వారు.

రెండు నెలలకు హైదరాబాద్ నుంచి ఫొటోలు వచ్చాయి, పెద్ద మైక్రోస్కోపు కింద తీసిన ఆకు ముక్కలవి. దీక్షిత సువర్ణను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. ఆకులో ప్రతి కణానికీ గోడ ఉంటుంది. ఆ గోడలో కంటికి ఆనని సన్నని దారులుంటాయి. వాటిని ప్లాస్మోడెస్మాటా అంటారట. ఆ పేరు సువర్ణ నోట్లో మూడు ముక్కలైంది, మళ్లీ నవ్వులు. చక్కెరైనా, ఒక కణం పక్క కణానికి పంపే కబురైనా ఆ దారుల గుండానే పోతుంది. ఈ దుబ్బులో ఈనెను ఆనుకున్న దారులు పూడుకుపోయాయి. ఆకు తయారుచేసిన చక్కెర గడ దాకా పోలేక ఆకులోనే ఉండిపోయింది.

"గింత తీపి జేసి, పాపం, గడకు ఒక్క సుక్క ఇయ్యలేకపాయె," అంటూ సువర్ణ ఆ ఫొటోను నిమిరింది.

"మీటరు పట్టుకొని నేను గడ కాడనే ఆగిపోయిన అక్కా. నువ్వు అడ్డం కూసోకపోతే ఇది పెంటకుప్పల ఉండేది," అంది దీక్షిత.

సువర్ణ ఫొటో మీంచి చెయ్యి తీసింది. నవ్వబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పదిహేడేండ్ల సంది చెప్తున్న మేడం, గిది చేదు, గది తీపి అని. అందరు నవ్వుడే గని, నా మాట నమ్మి ఒక్కలు గూడ నోట్ల పెట్టుకోలే. మీరు పెట్టుకున్నరు."