తలుపుల మీది సుద్ద రాతలు

నందిగామలో మా ముందు గదిలో కూర్చుని, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక వెబ్ యాప్ రాశాను. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుందని గొప్పలు పోయింది కూడా నేనే. నమోదు చేసిన వివరాలు ఫోన్ బ్రౌజర్‌లోనే ఉండి, సిగ్నల్ అందగానే ఆఫీసుకు చేరతాయి.

జగ్గయ్యపేట అవతల, సున్నపురాయి క్వారీల పక్క కాలనీలో తిరిగే ఒక కార్యకర్త అక్క ఫోను మాత్రం, మేం యాప్ మార్చాక కూడా పాత పేజీనే పట్టుకు వేలాడింది. అందులోంచి వెళ్లేవాటిని మా కొత్త సర్వర్ తీసుకోలేదు. ఆవిడ మా హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే, బ్రౌజర్ దాచుకున్న సైట్ డేటా మొత్తం తీసేయమన్నారు. తీసేసింది. కొత్త పేజీ వచ్చింది, పది రోజులుగా పంపకుండా ఉండిపోయిన వివరాలన్నీ పోయాయి.

ఆఫీసులో ఆవిడ పేరు పక్కన సున్నా. అసలు ఇళ్లకే వెళ్లలేదంటూ నోటీసిచ్చారు. కాంట్రాక్టు ఉద్యోగం, సంజాయిషీ నచ్చకపోతే ఇంటికి పంపేస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎండలో, ఆ దుమ్ములో తిరిగిన మనిషినా అనేది? ఆ దిక్కుమాలిన సలహా ఎవరిదని హెల్ప్‌డెస్క్ మీద విరుచుకుపడ్డాను. అవతలి అమ్మాయి తన ముందున్న కాగితం నిదానంగా చదివింది. ఏ సమస్య వచ్చినా ముందు సైట్ డేటా తీసేయమనాలి, అదీ మొదటి లైను. ఆ కాగితం రాసింది నేను.

కొత్త పేజీ దానంతటదే వచ్చేలా, పంపనివి భద్రంగా ఉండేలా రాయడానికి నాకేం రోగం?

మర్నాడు బస్సెక్కి కాలనీకి వెళ్లాను. ప్రతి తలుపు మీదా సుద్దతో తేదీ, పక్కన ఆవిడ పొడి అక్షరాలు. పోలియో చుక్కల రోజుల నుంచీ అలవాటట. నోటీసిచ్చిన పెద్దమనిషి ఒక్కసారి ఆ వీధిలోకి వచ్చుంటే చాలు, కనిపించేవి. అన్నిటికీ ఫోటోలు తీసి, తప్పు నాదేనని ఉత్తరం రాసి ఆ ఆఫీసుకు పంపాను. కంపెనీకి ఉన్న ఈ పని కాస్తా పోతుందని మా మేనేజర్ గోల పెట్టాడు. పోతే పోనీ అన్నాను.

నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఆ మాట చెబితే సంతోషిస్తుందనుకుని అక్కకు ఫోన్ చేశాను.

"పన్నెండేళ్ల నుంచి తిరుగుతున్నానండీ. వెళ్లా అని నేను చెప్తే నమ్మలేదు. తలుపులు చెప్తే నమ్మారా?" అంది.

కాగితంలో ఆ మొదటి లైను అప్పటికే కొట్టేశాను. అది ఆవిడకు చెప్పడానికి ముఖం చెల్లలేదు.