మామ ఫోన్లో కనిపించని వీరన్న

పెద్దముడియం దగ్గర ఒక ఊళ్లో ఉండే మా మామకూ అదే ఊరి వీరన్నకూ ఫ్యాక్షన్ రోజుల్లో ఎదురెదురు పార్టీలు. ఈమధ్యే రాజీ అయ్యారు. ఈసారి జాతరకు ఇద్దరూ కలిసి అన్నదానం పెడుతున్నారు. ఆ జాతర వెబ్ పేజీ చేసింది నేనే. నిన్న తొందరలో మామ పేరొక్కటే వేశాను. మామే ఫోన్ చేసి తిడితే పొద్దున వీరన్న పేరు కూడా చేర్చాను.

సాయంత్రం మామ ఫోన్ పట్టుకుని ప్రొద్దుటూరులోని నా షాపుకే వచ్చేశాడు.

"ఏంది అల్లుడూ, ఆయప్ప పేరు యాడ? నేనే తీపిచ్చినా అనుకోడా?"

"పేరుంది మామా. నీ బ్రౌజర్ నిన్న చూసిన పేజీని దాచిపెట్టుకుని, మళ్లీ అదే చూపిస్తాంది."

"అంటే పాతది పట్టుకోని కొత్తది చూడనంటాదా? శానా బాగుండాది. ఇది మనూరి ఫోనే లే."

రీఫ్రెష్ చేస్తే వీరన్న వచ్చాడు. ఇకమీదట ఎవరి బ్రౌజరైనా పాత పేజీ చూపించే ముందు కొత్తదేమైనా ఉందా అని అడిగి తీరాలని సర్వర్‌లో ఒక లైను కూడా రాశాను. మామ ఆ లైను ఏం చేస్తుందో అడిగి తెలుసుకున్నాడు.

"ఇది మీ అత్తకు గూడా రాయప్పా. ఆమె ఇంగా వీరన్నోళ్లింట్లో నీళ్లు తాగదు."

అత్తకు ఎక్కడ రాయాలో తెలిసినవాళ్లు కాస్త కామెంట్లో చెప్పండి. మామ ఇంకా ఇక్కడే కూర్చున్నాడు.